అట్ట మీద సీమ

జూన్‌లో బళ్లు తెరిచే ముందు మా ఇంట్లో ఒక పెద్ద పని ఉండేది, కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం. కర్నూలులో మా వీధి పిల్లలందరిలోకీ గట్టి అట్టలు నావే. మా మామకు ఎవరో 'సోవియట్ భూమి' పాత సంచికలు ఇచ్చేవాళ్లు. నున్నటి కాగితం, తొందరగా చినగదు, తడిసినా ఆరబెట్టుకోవచ్చు. లెక్కల పుస్తకం మీద గోధుమ చేలో నడుస్తున్న పెద్ద యంత్రం ఉండేది. సోషల్ పుస్తకం మీద తలకు గుడ్డ కట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న రైతు ఆడమనిషి. మా అవ్వ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఈళ్ల ఊర్లో వానలు బాగా పడతాయేమోరా, అందురూ నగుతాండారు" అనింది.

అవ్వది పత్తికొండ వైపు పల్లె. అక్కడ శెనక్కాయ వేసి ఆకాశం చూడటమే సేద్యం. ఎక్కడో ఉక్రెయిన్‌లో కోతలు కోసేవాళ్లు మా పుస్తకాల మీదికి వచ్చారు. మరి మా పత్తికొండ వాళ్లు ఏ అట్ట మీదికైనా వచ్చారా? వచ్చినప్పుడు ఎట్లా వచ్చారు? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పాత పత్రికలు ఎక్కడ దొరికినా తిరగేసే అలవాటుతో, ఈ ప్రశ్నను కొంచెం చరిత్రలోకి తీసుకుపోదామని ఈ ప్రయత్నం.

*

ముందు ఒక మాట చెప్పుకోవాలి. పత్రిక లోపల పది విషయాలుంటాయి, అట్ట మీద చోటు ఒకదానికే. కాబట్టి అట్ట వేసేవాళ్లు ఎప్పుడూ ఎంపిక చేస్తారు. జరిగినదాన్ని ఒకే చూపులో చెప్పాలి, బస్టాండు బంకులో వేలాడేసినా కనబడాలి. ఇందుకు బాగా పనికొచ్చేది మనిషి ముఖం. ఒక ఉద్యమం, ఒక గెలుపు, ఒక చావు, వీటికి ముఖం దొరికితే అట్ట తయారైనట్టే. దొరకని సంగతులే కష్టం. కరువుకు ముఖం ఏది? వలసకు? రాని కాలువకు?

సీమకు సంబంధించి పత్రికల్లో బొమ్మలు రావడం మొదలైంది మనం అనుకునేదానికంటే చాలా ముందు. 1876-78 నాటి ధాత కరువు. ఆ కరువులో మద్రాసు రాష్ట్రం మొత్తం మీద బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఈ జిల్లాలో సుమారు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దొర విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిపినప్పుడు ఇక్కడ జనం ఊళ్లొదిలి రోడ్ల మీద ఉన్నారు.

ఆ ఏడాది అక్టోబరులో లండన్ పత్రికలు 'ది గ్రాఫిక్', 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' ఈ కరువు బొమ్మలు అచ్చేశాయి. ఫొటోను నేరుగా పత్రికలో అచ్చువేసే పద్ధతి అప్పటికి రాలేదు. ఫొటోనో గీసిన బొమ్మనో చూసి పనివాళ్లు చెక్క మీద గీతలు గీతలుగా చెక్కేవాళ్లు. అట్లా చెక్కిన వాటిలో బళ్లారి జిల్లా బొమ్మ ఒకటుంది. బక్కచిక్కిన మనుషులు, వాళ్ల పక్కన అంతే బక్కచిక్కిన పశువులు. ఇప్పటి అనంతపురం కూడా అప్పుడు బళ్లారి జిల్లాలో భాగమే, కాబట్టి ఆ బొమ్మలో ఉన్నవాళ్లు మనవాళ్లే. హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు కూడా అప్పటివే, ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసినవి.

ఆ బొమ్మలకు ప్రయోజనం లేదనలేం. లండన్ మేయర్ పెట్టిన సహాయనిధికి అక్కడి జనం బాగానే చందాలిచ్చారు. వాళ్లను కదిలించినవాటిలో ఈ బొమ్మలూ ఉండే ఉంటాయి. కానీ బొమ్మలో ఉన్న ఒక్కరికీ పేరు లేదు, ఊరు లేదు. రెండు రకాల మనుషులే కనిపిస్తారు, చస్తున్నవాళ్లు, గంజి కోసం చెయ్యి చాచినవాళ్లు. పంట ఎందుకు పోయింది, పోయినా శిస్తు ఎందుకు అడిగారు, గింజలు ఓడలెక్కి ఎటు పోయాయి, ఇవేవీ చెక్క మీద చెక్కడానికి వీలుకానివి. సీమను చూపించడానికి ఒక అచ్చు అప్పుడు తయారైంది. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఆ అచ్చులోనే పోశారు.

*

తెలుగు పత్రికల కథ వేరుగా మొదలవుతుంది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' నడుపుతూ, తిరునెల్వేలి కాల్పుల మీద రాసినదానికి జైలుకు వెళ్లారు. ఆయన ఆయుధం మాటే. అదే కాలంలో మద్రాసులో సుబ్రహ్మణ్య భారతి తన 'ఇండియా' పత్రిక మొదటి పేజీలోనే రాజకీయ వ్యంగ్య చిత్రాలు వేయించేవాడు. చదవడం రానివాడికి కూడా బొమ్మ అర్థమవుతుందన్న సంగతి ఆయన ముందే పట్టుకున్నాడు.

అదే 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో 'భారతి' వచ్చింది. తెలుగువాళ్ల బొమ్మల రుచిని మార్చినవి ఈ పత్రికలు. ఇంతకీ నాగేశ్వరరావు గారి ఇంటిపేరు సీమ చరిత్రలో నిలిచిపోవడానికి కారణం మాత్రం పత్రికలు కావు. మద్రాసులో ఆయన ఇల్లు 'శ్రీబాగ్'. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు ఆ ఇంట్లో కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. పదేళ్లపాటు తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు మొదటి వాటా. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం.

సీమలో ఇప్పటికీ ఏ సభ జరిగినా శ్రీబాగ్ పేరు వస్తుంది. కానీ ఆ పేరు వినగానే మీ కళ్ల ముందు ఏ బొమ్మైనా కదులుతుందా? నాకైతే కదలదు. కొందరు పెద్దమనుషులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు, అంతే. పత్రికాధిపతి ఇంట్లోనే జరిగిన సంగతికి జనం మనసులో నిలిచే బొమ్మ లేకుండా పోయింది. నెరవేరని హామీని చూపించడం ఏ చిత్రకారుడికైనా కష్టమే. బహుశా అది మరుపున పడటానికి ఇదీ ఒక కారణమేమో.

1952ను చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15న చనిపోయారు. అదే కాలంలో సీమలో ఘోరమైన కరువు. ఊరూరా గంజి కేంద్రాలు. ఒకవైపు ఒక మనిషి ఒక కోరిక కోసం తిండి మానేశాడు. ఇంకోవైపు లక్షలమంది, కోరిక అడిగినవాళ్లు లేకుండానే, పస్తులున్నారు. మొదటి ఆకలికి ముఖం ఉంది. మనందరికీ తెలిసిన ఆ ముఖం ఇవాళ్టికీ నవంబరు వస్తే పత్రికలెక్కుతుంది, విగ్రహాలై కూడళ్లలో నిలబడింది. అది న్యాయమే, ఆయన త్యాగం చిన్నది కాదు. రెండో ఆకలికి ముఖం దొరకలేదు. కరువు నిధి కోసం సినిమావాళ్లు ఊళ్లు తిరిగారు, ఎన్.టి. రామారావు జోలె పట్టారు. చివరికి ఆ కరువు నుంచి జనం గుర్తు పెట్టుకున్న బొమ్మ కూడా జోలె పట్టిన హీరోదే. ఆ జోలె ఎవరి కోసమో వాళ్లు బొమ్మలో లేరు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ల గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది గుడారాల సంగతే. మా ఊరికి దక్కిన ఒకే ఒక్క రాజకీయ బొమ్మ అది. దానిలోనే 'ఇది ఉండేది కాదు' అన్న అర్థం దాగుంది. 1956 నవంబరు 1కి గుడారాలు ఎత్తేశారు.

*

ఇక్కడ మనం నిందించడానికి ఎవరినైనా వెతుక్కోవచ్చు. మద్రాసు పత్రికలన్నీ కోస్తావాళ్లవి, వాళ్లకు సీమ పట్టలేదు అనడం తేలిక. నేనూ కొంతకాలం అట్లాగే అనుకున్నాను. కానీ లెక్క అంత తిన్నగా లేదు. 1947 జులైలో, స్వాతంత్ర్యానికి కొంచెం ముందు, 'చందమామ' మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి కడప జిల్లాలో పుట్టినవాడు. 'ఆంధ్రప్రభ' వారపత్రికను చాలా ఏళ్లు నడిపిన విద్వాన్ విశ్వం అనంతపురం జిల్లా తరిమెల మనిషి, పెన్న ఎండిపోవడం గురించి కావ్యమే రాశాడు. అట్ట మీద ఏం వేయాలో చెప్పగల కుర్చీల్లో సీమవాళ్లున్నారు. అయినా అట్టల మీదికి సీమ రాలేదెందుకు?

కొంత జవాబు అచ్చు మిషనులో ఉంది. ఆ రోజుల్లో రంగుల అట్టంటే మూడు నాలుగు బ్లాకులు చేయించాలి, ఒక్కో రంగు ఒక్కోసారి మిషనెక్కాలి, ఆరాలి. అందుకే లోపలి పేజీలకంటే ముందే అట్ట తయారైపోయేది. నిన్న జరిగిన సంగతి అట్ట మీదికి రావడం దాదాపు కుదరని పని. పండగ, పురాణం, ముగ్గు వేస్తున్న అమ్మాయి, ఇవైతే ఎప్పుడు అచ్చేసినా చెల్లుతాయి. 'చందమామ'ది ఇంకో ఇబ్బంది. తమిళంలో 'అంబులిమామ' దానితోపాటే పుట్టింది, తర్వాత మిగతా భాషలూ చేరాయి. బొమ్మ ఒకటే, పైన పేరు మాత్రమే మారేది. మధురైలోనూ మైసూరులోనూ చెల్లాల్సిన బొమ్మలో జమ్మలమడుగు ఎండ ఎట్లా పడుతుంది? అందుకే వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య లాంటివాళ్లు రాజులను, యక్షులను, భారత వీరులను వేశారు. అద్భుతంగా వేశారు. ఆ బొమ్మలు చూస్తూ పెరిగినందుకు నాకేం బాధ లేదు.

ఇంకొంత జవాబు బేరంలో ఉంది. వారపత్రిక ఇంటిల్లిపాదీ చదివేది. రైలు స్టేషన్‌లో కొనేవాడు కరువు బొమ్మను చేతిలో పట్టుకుని ప్రయాణం చేయాలనుకోడు. కాబట్టి సీమ లోపలికి వెళ్లింది, కథలైంది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ లాంటివాళ్ల కథల్లో సీమ మనుషులకు పేర్లున్నాయి, పౌరుషాలున్నాయి, ఎకసెక్కాలున్నాయి, అప్పుల లెక్కలున్నాయి. లోపల ఇంత మంది మాట్లాడుతుంటే బయట అట్ట మీద ఇంకెవరో నవ్వుతుండేవాళ్లు. 1968లో రాచమల్లు రామచంద్రారెడ్డి కడప నుంచే 'సంవేదన' నడిపి, సీమలో కూర్చుని తెలుగు సాహిత్యం మొత్తాన్నీ నిలదీయవచ్చని చూపించాడు. కానీ అలాంటి చిన్న పత్రికలు బస్టాండు బంకులో వేలాడే పత్రికలు కావు.

*

డెబ్బైల చివరికి ఆఫ్‌సెట్ వచ్చింది, ఫొటో వచ్చింది, అట్టకూ వార్తకూ మధ్య దూరం తగ్గింది. ఇక మన మనుషులు కనబడాలి కదా?

1981లో శ్రీశైలం జలాశయం నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. కదలనివాళ్ల ఇళ్లు కూల్చారు. కృష్ణ ఒడ్డున ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి తీసుకెళ్లి అలంపురంలో మళ్లీ జాగ్రత్తగా కట్టారు. ఏడు నదుల సంగమమని చెప్పే ఇంకో సంగమేశ్వరం కర్నూలు జిల్లాలోనే నీళ్ల కిందికి పోయింది. ఎండాకాలం నీటిమట్టం తగ్గితే ఆ గుడి బయటపడుతుంది. చుట్టూ నీళ్లు, మధ్యలో తేలిన గోపురం, పొద్దుగూకే వెలుతురు. ఏటా ఆ ఫొటో పత్రికల్లో చూస్తాం, ఇప్పుడు ఫోన్లలో చూస్తాం. చాలా అందంగా ఉంటుంది. అదే నీళ్ల కింద ఉన్న ఊళ్లు బయటపడినా మొండిగోడలే, ఫొటోకు పనికిరావు. ఆ ఊళ్ల నుంచి లేచిపోయినవాళ్లు కర్నూలు చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు నా క్లాసులో ఉండేవాళ్లు. ఆ గుడి ఫొటో చూసి వాళ్లు ఏమనుకునేవాళ్లో అప్పుడు అడగాలని నాకు తోచలేదు.

1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మా ఊరి బోరు ఎండిపోయినా మొదటిపేజీ వార్తే, మా కాలేజీ ఆటలపోటీలూ మొదటిపేజీ వార్తే. మొదట్లో ఎంత సంబరపడ్డామో! మా ముఖాలు పత్రికలో కనబడటం అప్పుడే మొదలైంది. కానీ కర్నూలు మొదటిపేజీ కర్నూలు పొలిమేర దాటేది కాదు. మా కష్టం మాకే చూపించేవాళ్లు. ఏలూరులో చదివేవాడికి, హైదరాబాదులో ఫైలు చూసేవాడికి అది అందేది కాదు. అసలు పత్రిక మొదటిపేజీ దాకా రావాలంటే మా దగ్గర మామూలుకంటే పెద్దదేదో జరగాలి. అంటే బాంబు పడాలి.

బాంబులు పడ్డాయి, అబద్ధం కాదు. ముఠా కక్షల్లో మనుషులు చచ్చిపోయారు, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని ఊళ్లొదిలారు. కానీ అట్ట మీదికి వచ్చింది వేటకొడవలి. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక ఆ పని పోస్టర్లు అందుకున్నాయి. తెల్లచొక్కా, సుమోలు, ఎర్రమట్టి దుమ్ము. కాంట్రాక్టులు, సారా పాటలు, నీటి తగాదాలు, ఎన్నికల లెక్కలు, ఇవన్నీ కలిస్తే పుట్టిన గొడవ కాస్తా రక్తంలో ఉన్న గుణమైపోయింది. హైదరాబాదులో నేను చదువుకునేటప్పుడు 'కర్నూలా?' అని అడిగి, వెంటనే నా చేతులవైపు చూసి నవ్వినవాళ్లున్నారు. సరదాకే. 2003లో 'ఒక్కడు' వచ్చి కొండారెడ్డి బురుజును అందరికీ చూపించింది. ఇప్పటికీ అక్కడికి వచ్చినవాళ్లు ఫలానా సీను ఎక్కడ తీశారని అడుగుతారు.

2009లో నెల రోజుల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. చెయ్యెత్తి నవ్వే ఆయన ముఖం వారాల తరబడి ప్రతి పత్రిక మీదా ఉంది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కర్నూలు మీద పడ్డాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లొచ్చాయి. కరువుకు పేరుపడిన ఊరు నీళ్లలో మునిగింది. ఆ వరదకు నిలిచిన బొమ్మలు పైనుంచి తీసినవి, మిద్దెలు, బురద నీళ్లు, చుక్కల్లాంటి మనుషులు. మా ఇంటి మిద్దె కూడా వాటిలో ఎక్కడో ఉంటుంది. అవ్వ అప్పటికి లేదు గానీ ఆమె ట్రంకు పెట్టె ఆ బురదలోనే పోయింది.

*

ఆ పెట్టెలో ఒక పత్రిక ముక్క ఉండేది. తొంబైల్లో ఒక ఎండాకాలం ఏదో వారపత్రిక తరఫున ఒక ఫొటోగ్రాఫరు అవ్వవాళ్ల పల్లెకు వచ్చాడు. ట్యాంకరు దగ్గర బిందెల వరస. కొన్ని వారాలకు ఆ ఫొటో అచ్చయింది, వరసలో రెండో మనిషి మా అవ్వ. ఊరంతా చూశారు. కింద 'గుక్కెడు నీటి కోసం రాయలసీమ మహిళల పాట్లు' అని రాసి ఉంది. అవ్వకు చదవడం రాదు, నాతో చదివించుకుంది.

"నా పేరు యాడుంది?"

"లేదవ్వా."

"ఊరి పేరు?"

"అదీ లేదు."

కొంచెంసేపు ఊరుకుని, "ఆ పొద్దు మేమంతా నగుతాండాంరా. ఎల్లమ్మ బిందె జారి ఆ పిల్లోని కాలి మింద పడె. నగొద్దండమ్మా, ఫొటో బాగరాదు అన్యాడు ఆ పిల్లోడు. సరేలే అని మొగాలు ముడుచుకున్యాం" అని చెప్పింది.

1985 జూన్‌లో 'నేషనల్ జియోగ్రాఫిక్' అట్ట మీద వచ్చిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫొటో మీరు చూసే ఉంటారు. ప్రపంచంలో అంత పేరుపొందిన అట్టలు అరుదు. ఆ అమ్మాయి పేరు షర్బత్ గులా అని చదివేవాళ్లకు తెలిసింది 2002లో. పదిహేడేళ్లు ఆమె ఒక ముఖం మాత్రమే. అది చదివినప్పుడు నాకు అవ్వ అడిగిన రెండు ప్రశ్నలు గుర్తొచ్చాయి. అంటే సీమకు ముఖం దొరికితే చాలదన్నమాట. ముఖం దొరికినా, అది ఎట్లా ఉండాలో ముందే నిర్ణయమైపోయి ఉండొచ్చు. 1877లో చెక్క మీద చెక్కినవాడికి ఎంత జాలి ఉందో, ఆ కుర్రాడికీ అంతే జాలి ఉండి ఉంటుంది. నీళ్ల కరువు నిజం. ఆ వరసలో గంటల తరబడి నిలబడ్డదీ నిజమే. నవ్వు కూడా నిజమే. నవ్వినంత మాత్రాన ట్యాంకరు అక్కర్లేదని కాదు కదా!

'భారతి', 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయాయి. 'చందమామ' 2013లో ఆగింది. ఇప్పుడు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి కూడా పత్రికలు లేవు. బొమ్మ తీయడానికి మద్రాసు పోనక్కర్లేదు, పత్తికొండలో ప్రతి ఇంట్లో ఫోనుంది. అయినా ఇవాళ ఫోనులో 'రాయలసీమ' అని కొట్టి బొమ్మలు వెతికి చూడండి. నెర్రెలిచ్చిన నేల, కొడవళ్లు, బురుజు, నాయకుల ముఖాలే ఎక్కువ. అచ్చు మిషను పోయింది గానీ ఆ అచ్చు పోలేదు. మీలో కెమెరా పట్టుకుని మా వైపు వచ్చేవాళ్లుంటారు. డాక్యుమెంటరీకో, వ్యాసానికో, ఉత్త తిరుగుడుకో. రండి. బిందెల వరస ఇప్పటికీ ఉంది, తీయండి. వాళ్లు నవ్వుతుంటే నవ్వనీయండి. తీశాక పేరు, ఊరు అడిగి రాసుకోండి.

మా అవ్వ పేరు సుంకులమ్మ.